తూర్పు దర్వాజ

అర్జీ రాసింది నేను. కింద సంతకాల్లో మా ఆయన పేరు మొదటిది, నాది ఐదోది. కానీ "రాకపోకలకు తీవ్ర అంతరాయం" అన్న మాట నాది. "సదరు స్థలము ప్రభుత్వ బాటలో అంతర్భాగమై యున్నది" అన్నదీ నాదే. ముప్పై రెండేళ్లు బడిపిల్లలకు తెలుగు చెప్పినదాన్ని, రిటైరయ్యాక చేతిరాత చూపించుకునే అవకాశం మళ్లీ రాదనుకున్నాను. వచ్చింది. తెల్లకాగితం మీద మార్జిన్ గీసి, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. మున్సిపాలిటీ ఆఫీసులో గుమాస్తా చదివి, ఇంత మంచి అర్జీ ఈ మధ్య చూడలేదన్నాడట. మా ఆయన ఇంటికొచ్చి ఆ మాట చెబితే సంతోషపడ్డాను కూడా.

అది మొన్నటి ఎండాకాలం. కోరుట్లలో మాది పాత గిర్ని గల్లీ. వడ్లు ఆడే గిర్ని ఎప్పుడో మూతపడింది, పేరు మిగిలింది. పన్నెండడుగుల బాట. ఎదురెదురుగా రెండు మోటార్‌సైకిళ్లు వస్తే సర్దుకుపోవచ్చు గానీ, కారూ ట్రాలీ ఎదురైతే ఎవరో ఒకరు వెనక్కి పోవలసిందే. సరిగ్గా మా ఇంటి ఎదుట, నర్సన్న ఇంటి ముందు మాత్రం బాట ఇంకో ఆరడుగులు వెడల్పవుతుంది. గల్లీలో బండ్లన్నీ మలుపుకునేది అక్కడే, ఆపుకునేదీ అక్కడే. మా అబ్బాయి సాకేత్ రోజూ జగిత్యాలకు ఉద్యోగానికి పోయివచ్చే కారు, పక్కింటి సతీశ్ ఆటో, వాటి సందుల్లో నాలుగైదు మోటార్‌సైకిళ్లు. ఎవరి చోటు ఎవరిదో ఎవరూ రాసివ్వలేదు, అయినా అందరికీ తెలుసు.

నర్సన్నది రెండు గదుల గూనపెంకల ఇల్లు. ఆయన, భార్య మొగిలవ్వ, కోడలు వసంత, మనవరాలు ప్రణీత అందులో ఉండేవారు. కొడుకు రంజిత్ దోహాలో వెల్డింగ్ పని చేస్తాడు. నా దగ్గర ఏడో తరగతి చదువుకున్న పిల్లవాడు, ముప్పై నాలుగేళ్లొచ్చినా ఇప్పటికీ నన్ను టీచర్ అనే పిలుస్తాడు. పదకొండేళ్ల సంపాదన కూడబెట్టుకుని, శివరాత్రి వెళ్లిన వారానికి రెండు నెలల సెలవు మీద వచ్చాడు. వచ్చిన నాలుగో రోజున పాత ఇల్లు పడగొట్టించాడు. ఆ సాయంత్రమే ప్లాను కాగితం పట్టుకొచ్చి మా టీపాయి మీద పరిచాడు.

"తూర్పు మొఖం దర్వాజ, టీచర్. దాని ఎదురుంగనే గేటు. అవ్వకు గదొక్కటే కావాలె. నా సెలవు అయిపోయేలోపల దర్వాజ ఎత్తి పోత."

దర్వాజ ఎత్తేటప్పుడు, అంటే ద్వారబంధం నిలబెట్టేటప్పుడు, పీటల మీద మొగుడూ పెళ్లాం ఇద్దరూ కూర్చోవాలి. అతని సెలవు దాటితే మూఢం, మూఢం దాటితే ఆషాఢం, మళ్లీ సెలవు రెండేళ్లకు గానీ దొరకదు. అప్పటివరకూ ముసలివాళ్లూ వసంతా పిల్లా ఇంటి వెనక మూలన వేసుకున్న రేకుల కొట్టంలో ఉండాలి. ఇవన్నీ అతను చెప్పకుండానే నాకు తెలుసు. ప్లాను చూసి బాగుందన్నాను. కాగితం అక్కడే ఉంచి అతను వెళ్లాక, మా ఆయన శ్రీనివాస్ రావు గారు అందులో గేటు గీత మీద వేలు పెట్టి, గేటు ఇక్కడ వస్తే మన కారు ఎక్కడ పెట్టుకోవాలని నన్ను అడిగారు.

ఇబ్బంది లేకపోలేదు, అబద్ధం ఎందుకు. ఇసుక ట్రాక్టరు వచ్చిందంటే గల్లీ అరగంట కదలదు. బడి ఆటో మూల దగ్గరే ఆగిపోతే పిల్లలు సంచులు మోసుకుంటూ కంకర కుప్పల మీంచి నడిచారు. సతీశ్ ఆటో టైరులో మేకు దిగింది. దుమ్ముకు నాకు ఒకటే దగ్గు. మా ఆయన సహకార బ్యాంకులో మేనేజరుగా చేసిన మనిషి, దేన్నయినా కొలిచి రాసిపెట్టుకోకపోతే అన్నం సయించదు. రోజూ పొద్దున్నే టేపు పట్టుకుని గేటు బయటకు పోయి, ఇసుక బాటలోకి ఎన్ని అంగుళాలు జరిగిందో చూసి వచ్చేవారు. కానీ దుమ్మూ ఇసుకా ఆరు నెలల్లో పోయేవే. గేటు పోదు. గల్లీ అంతా మాట్లాడింది దుమ్ము గురించి, లోపల కుమిలింది గేటు గురించి.

ఒక ఆదివారం మా వరండాలో అందరూ కూర్చున్నారు. రంజిత్‌ను, నర్సన్నను పిలిపించారు. కుర్చీ వేస్తే నర్సన్న కూర్చోలేదు, కింద మెట్టు మీద కూర్చుని తువ్వాలు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. రంజిత్ నిలబడే మాట్లాడాడు. స్లాబు పడ్డాక ట్రాక్టర్లు రావని, అంతవరకూ ఓర్చుకోమని, ఇసుక రాత్రికి రాత్రి ఎత్తిస్తానని అన్నాడు. అందరూ విన్నారు. మా ఆయన గొంతు సవరించుకుని, ట్రాక్టర్ల సంగతి కాదు, గేటు ఇటు పెడితే బండ్లు మలుపుకునేదెక్కడ, నిలుపుకునేదెక్కడ అన్నారు.

"మా ఇంటి ముంగట మేం గేటు పెట్టుకోవద్దా సార్?" అన్నాడు రంజిత్.

"ముంగటున్నది మీ ఇల్లు గాదు, రోడ్డు. రోడ్డు మీదికి ర్యాంపు తెస్తనంటె ఎట్ల?"

రంజిత్ తండ్రి వైపు చూశాడు. నర్సన్న తల అడ్డంగా ఊపాడు, అంతే. మాట్లాడవద్దని కొడుక్కు చెప్పాడని అప్పుడు నాకు అర్థం కాలేదు. చెప్పుకోవడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదనుకున్నాను. మర్నాడే అర్జీ రాశాను.

మున్సిపాలిటీ నుంచి ఇద్దరు వచ్చి టేపు పట్టారు. ఇంటి కాగితాలు తెమ్మన్నారు. అది పాత ఆబాది జాగా, ఊరి నివాస స్థలం, తాతల నాటిది. ఇంటిపన్ను రసీదులు తప్ప నర్సన్న దగ్గర ఒక్క దస్తావేజు లేదు. ముందున్న ఆరడుగులు బాటలోదా, ఇంటిదా సర్వేలో తేలాలి, అప్పటివరకూ పని ఆపమన్నారు. సర్వేయరు ఎప్పుడు వస్తాడంటే, వరసలో చాలా ఉన్నాయి, రెండు నెలలు పట్టొచ్చన్నారు. పిల్లర్ల సలాకలు ఆకాశంలోకి నిలబడి ఉండగానే మేస్త్రి గంపలూ పారలూ సర్దుకుని వేములవాడలో ఏదో లాడ్జి పనికి పోయాడు.

ఆ తర్వాతి రోజులు గల్లీ నిమ్మళంగా ఉంది. ట్రాక్టర్లు లేవు, దుమ్ము లేదు. మా కారు దాని చోట అది నిలబడింది. వంటింటి కిటికీలోంచి చూస్తే రేకుల కొట్టం కనిపించేది. ఎండకు లోపల ఉండలేక అత్తాకోడళ్లు సిమెంటు బస్తాల పక్కన పరదా కట్టుకుని, చేటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. రంజిత్ పొద్దున లేచి కట్టిన పునాదికీ, మొదలుపెట్టిన గోడలకూ నీళ్లు కొట్టేవాడు. పని లేకపోయినా రోజుకు రెండుసార్లు కొట్టేవాడు. అతని సెలవు ఇంకా ఎన్ని రోజులుందో గల్లీలో అందరికీ తెలుసు. ఎదురుపడితే మాత్రం ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు.

సర్వే వాళ్లు మన హద్దులు కూడా అడగవచ్చు, కాగితాలు తీసి పెట్టమని మా ఆయన ఒక మధ్యాహ్నం చెప్పి పడుకున్నారు. బీరువా అడుగున గుడ్డసంచిలో ఉంది మా ఇంటి దస్తావేజు. పాతికేళ్ల కింద కొన్నప్పుడు చూసిన గుర్తు కూడా లేదు. ఆ పనులన్నీ ఆయనవే. కళ్లజోడు పెట్టుకుని హద్దుల పేజీ తీశాను. తూర్పు, ఉత్తరం, దక్షిణం చూశాక పడమర దగ్గరకు వచ్చాను.

"పడమర: పన్నెండు అడుగుల బాట. సదరు బాటకు ఆవల నర్సన్న తండ్రి గంగరాజం తన సొంత జాగా లోనుండి ఎడ్లబండ్లు మలుపుటకు విడిచిపెట్టిన ఆరడుగుల స్థలము. తదుపరి గంగరాజం ఇల్లు."

రెండుసార్లు చదివాను. రాసిన లేఖరి దస్తూరీ ముచ్చటగా ఉంది, నా దస్తూరీ కన్నా బాగుంది. గిర్నికి వడ్లబండ్లు వచ్చే కాలంలో, మలుపు దొరక్క ఎడ్లు అవస్థ పడుతుంటే, ఆ పెద్దమనిషి తన గోడను ఆరడుగులు వెనక్కి జరుపుకుని కట్టుకున్నాడన్నమాట. ఆ జాగాలో మేం కారు పెట్టుకున్నాం. మేం ఇల్లు కట్టుకున్న ఏడాది మా ఇసుకా ఇటుకా ఎనిమిది నెలలు అక్కడే పోసుకున్నాం. మొగిలవ్వ తన బాయి నీళ్లు కూడా ఇచ్చింది మా గోడలకు. అదే జాగాను నేను నా చేత్తో ప్రభుత్వ బాట అని రాసి సంతకాలు పెట్టించాను. రంజిత్ ఆ ఆరడుగులూ తిరిగి కలుపుకుంటానని కూడా అనలేదు. దాని మీద ఒక ర్యాంపు, గేటు తెరుచుకునేందుకు చోటు, అంతే అడిగాడు.

ఆ ఒక్క కాగితం మున్సిపాలిటీకి చూపిస్తే మర్నాడే పని మొదలవుతుంది. నేను చేయవలసింది లోపలికి వెళ్లి మా ఆయనను లేపడం. లేపితే ఏమవుతుందో కూడా ఆలోచించాను. గల్లీ అందరి ముందు ఆయన తప్పయిపోతారు. సాకేత్ కారు బస్టాండు దగ్గర పెట్టుకుని నడిచి రావాలి. ఇవి కాదు అసలు సంగతి. నా అర్జీ తప్పవుతుంది. పిల్లల తప్పులకు ఎర్రసిరాతో సున్నాలు చుట్టిన దాన్ని, నాకు నేను చుట్టుకోవలసి వస్తుంది. దస్తావేజు మడిచి గుడ్డసంచిలో పెట్టి, చీరల కిందికి తోశాను. ఆయన లేచాక, కాగితం ఎక్కడ పెట్టామో దొరకలేదని చెప్పాను.

వారం గడిచింది. రాజీ కుదర్చడానికి రామస్వామి వచ్చాడు. బట్టల దుకాణం ఆయన, మా గల్లీలో పెద్దమనిషి. ఎవరినీ నొప్పించకుండా మాట్లాడతాడని పేరు. నర్సన్న ఇంటికి దక్షిణం వైపు ఐదడుగుల సందు ఒకటుంది, దానికి దారి మా గల్లీ నుంచి కాదు, పెద్దరోడ్డు నుంచి, పక్కన మురుగునీళ్ల మోరి పారుతుంది. గేటూ దర్వాజా ఆ సందులోకి తిప్పుకుంటే గల్లీ వాళ్లు అర్జీ వాపసు తీసుకుంటారు, పని రేపే మొదలుపెట్టుకోవచ్చు, ముందు జాగా ఎప్పటిలాగే బండ్లకు ఉంటుంది. ఇదీ రాజీ. మళ్లీ మా వరండాలోనే. అందరికీ చాయ్ నేనే పెట్టాను.

మొగిలవ్వ ఆ రోజు తనంత తాను వచ్చింది. గేటు దగ్గరే నిలబడి, దచ్చినం మొఖం ఇంట్లో దీపమెట్లా పెట్టాలని అడిగింది. ఎవరినీ చూసి అడగలేదు. రామస్వామి, ఆగ్నేయం వైపుకు జరుపుకుంటే దోషం లేదని, పూజ చేసే అయ్యగారితో తాను మాట్లాడతానని అన్నాడు. మా ఆయన టీ కప్పులోకి చూస్తున్నారు. నేను గుమ్మంలో పళ్లెం పట్టుకుని ఉన్నాను. బీరువా ఉన్న గది నా వెనకే. పది అడుగులు కూడా లేదు.

రంజిత్ తల్లి పక్కకు వెళ్లి నిలబడ్డాడు. తర్వాత, "నా తాన దినాలు లెవ్వు. కానియ్యుండ్రి," అన్నాడు.

నేను ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి పోయాను.

మేస్త్రి తిరిగి వచ్చాడు. తూర్పు వైపు ద్వారానికి వదిలిన ఖాళీని ఇటుకలతో మూసేశారు. దక్షిణం గోడలో దర్వాజకు చోటు తీశారు. ఇప్పుడు ఇసుకను సందు మొదట్లో పోసి, అక్కడినుంచి కూలీలు గంపలతో నెత్తిమీద మోసేవాళ్లు. మా గల్లీకి ఒక్క రవ్వ కూడా రాలేదు. మూఢానికి నాలుగు రోజుల ముందు ముహూర్తం కుదిరింది, పొద్దున తొమ్మిది దాటాక. అది అయ్యాక వారానికే రంజిత్ ప్రయాణం.

ముందు రోజు సాయంత్రం వసంత వచ్చింది, కుంకుమభరిణ పట్టుకుని. గల్లీలో సంతకం పెట్టిన ఇల్లు ఒక్కటీ వదలకుండా అన్నింటికీ వెళ్లిందని తర్వాత తెలిసింది. నా నుదుట బొట్టు పెట్టి, గల్లీలో పెద్ద ముత్తైదువను నేనే కాబట్టి గడపకు మొదటి పసుపు నేనే రాయాలని అత్త చెప్పి పంపిందంది. ఆ పిల్ల వేళ్లు బీడీ ఆకు రంగులో ఉన్నాయి. నేను కూర్చోమన్నాను. ఇంకా నాలుగిళ్లు ఉన్నాయంటూ వెళ్లిపోయింది. ఆ రాత్రి నేను అన్నం వడ్డిస్తుంటే మా ఆయన, పిలిచారు కాబట్టి పోవాలి, పోకపోతే పగ పెట్టుకున్నట్టుంటుందని చెబుతున్నారు. పోనని నేననలేదు.

టేకు దర్వాజను కడిగి, సందులో రెండు ఇటుకల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. మామిడాకులు, కొబ్బరికాయ, నవధాన్యాల మూట పక్కన ఉన్నాయి. రంజిత్, వసంత కొత్తబట్టలతో పీటల మీద ఉన్నారు. సందు ఇరుకు, వచ్చినవాళ్లం ఒకరి వెనక ఒకరం గోడకు ఆనుకుని నిలబడ్డాం. కాళ్ల పక్కన మోరి. వాసన రాకుండా మొగిలవ్వ తెల్లవారుతూనే సున్నం చల్లింది. పసుపు గిన్నె నా చేతికిచ్చి తానూ నా పక్కన కూర్చుంది. ఇద్దరం గడపకు పసుపు రాస్తున్నాం, నేను ఆ చివర నుంచి, ఆమె ఈ చివర నుంచి. చేతులు మధ్యలో కలుసుకునేచోట నేను ఆగాను.

"మొగిలవ్వా, ముంగటి జాగ మీదే," అన్నాను. "మా కాయితంల రాసున్నది. నర్సన్న తండ్రి ఇడిసిన జాగ అని."

నెమ్మదిగానే అన్నాను. అయినా ఆ ఇరుకులో అందరికీ వినిపించింది. మొగిలవ్వ చెయ్యి గడప మీదే ఆగిపోయింది. అయ్యగారు మంత్రం ఆపలేదు. గోడకు ఆనుకుని ఉన్న నర్సన్న ముందుకు వంగాడు.

"నాకెరుకే టీచరమ్మా," అన్నాడు. "మా బాపు పదిమంది కోసరం ఇడిసిండు. ఇడిసినదాన్ని మల్ల నాది అని ఎట్లంట?"

ఆయన గొంతులో కోపం లేదు. ఆ మాటతో సంగతి అక్కడికి అయిపోయిందనుకున్నట్టు మళ్లీ గోడకు ఆనుకున్నాడు. నాకు కళ్ల నీళ్లు తిరిగాయి. చెప్పేశాను కదా, బరువు దిగుతుందనుకున్నాను. అప్పుడు పీట మీద నుంచి రంజిత్ తల తిప్పి నన్ను చూశాడు. బడిలో పద్యం అర్థం కానప్పుడు నా వైపు అలాగే చూసేవాడు.

"మీకు ఎప్పటిసంది ఎరుక, టీచర్?"

అబద్ధం చెప్పవచ్చు. నిన్ననే చూశానని అంటే సరిపోయేది. కానీ అప్పటికే పసుపు చేతులతో ఆ గడప ముందు కూర్చుని ఉన్నాను.

"ఇరువై దినాలాయె," అన్నాను.

అతను వేళ్లు మడిచి లెక్కపెట్టలేదు. పెట్టనక్కరలేదు. ఇరవై రోజుల కింద పని ఆగి ఉంది, దర్వాజ తూర్పునే ఉంది, రాజీ మాట ఇంకా పుట్టలేదు. మేస్త్రి గడియారం చూసి, ఘడియలు దాటుతున్నాయన్నాడు. రంజిత్ లేచి దర్వాజకు ఒక పక్క చెయ్యి వేశాడు. తండ్రి ఇంకో పక్క పట్టాడు. నలుగురు కలిసి ఎత్తి నిలబెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. దక్షిణం నుంచి వచ్చే వేడిగాలి ఆ ఖాళీ చట్రంలోంచి లోపలికి వెళ్లింది. అందరితోపాటు నేనూ అక్షింతలు వేశాను.

ఒకసారి పసుపు రాసి నిలబెట్టిన దర్వాజను ఎవరూ కదపరు. ఆ సంగతి నాకు తెలుసు. ముందు రోజు బొట్టు పెట్టినప్పుడు వసంతకు చెప్పి ఉండవచ్చు. రెండు వారాల ముందు రామస్వామి ఉన్నప్పుడు చెప్పి ఉండవచ్చు. గడప మీద చెయ్యి పడ్డాక చెప్పాను. చెప్పిన పుణ్యం నాకు, ఇబ్బంది వాళ్లకు అయ్యేటట్టు సరిగ్గా సమయం చూసుకుని చెప్పినట్టయింది.

ఇంటికొచ్చి దస్తావేజు తీసి మా ఆయన ముందు పెట్టాను. ఆయన హద్దుల పేజీ రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"వాళ్లకు ఎరుకేనని నర్సన్ననే అన్నడు గద. ఎరుకుండి ఊకున్నరు. ఇందుల మన తప్పేంది?"

"మీ తప్పు గాదు. నాది," అన్నాను.

ఆయన ఇంకేమీ అనలేదు. ఆ రోజు నుంచి టేపు పట్టుకుని గేటు బయటకు పోవడం మానేశారు. నాతో మాట్లాడటమూ తగ్గించారు. అన్నం పెట్టమంటారు, మాత్రలు ఇయ్యమంటారు, అంతే. కాగితం దొరకలేదని నేను చెప్పిన అబద్ధం ఆయనకు అర్జీ కంటే ఎక్కువ తగిలింది. ముప్పై ఏడేళ్ల కాపురంలో ఆయనకు నేను చెప్పిన మొదటి పెద్ద అబద్ధం అది. సాకేత్‌కు విషయం చెబితే వాడు మారు మాట్లాడకుండా కారు తీసి పెద్దరోడ్డు పక్కన పెట్టాడు. ఖాళీ అయిన ఆ చోటులో మూడో రోజుకల్లా సతీశ్ బామ్మర్ది ట్రాలీ వచ్చి నిలబడింది. నేను వెళ్లి అడిగాను, ఇది నర్సన్న వాళ్ల జాగా అని చెప్పాను. అందరూ పెట్టుకుంటున్నదే కదా అమ్మా అన్నాడు అతను, ఎంతో మర్యాదగా.

రంజిత్ ప్రయాణం ఆదివారం. పదకొండేళ్లుగా అతను ఎన్నిసార్లు దోహా వెళ్లినా, ఇంట్లోంచి అడుగు బయట పెట్టేటప్పుడు ఎదురు వచ్చింది నేనే. మొగిలవ్వ ముందు రోజే కబురు పంపేది. నేను తలస్నానం చేసి, తంబిగ నిండా నీళ్లు పట్టుకుని మా గేటులోంచి నడిచి వెళితే, అటు నుంచి అతను కుడికాలు బయటపెట్టి, నన్ను చూసి నవ్వి బయలుదేరేవాడు. శనివారం కబురు రాలేదు. మర్చిపోయి ఉంటారు, హడావుడిలో ఉన్నారనుకున్నాను. ఆదివారం పొద్దున కూడా రాలేదు. అయినా తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, తంబిగ నింపుకుని గేటు దగ్గర నిలబడ్డాను. పది దాటింది. ఎదురుగా, తూర్పు గోడ ఇటుకలతో నున్నగా మూసుకుని ఉంది. అటు నుంచి ఎవరూ రారని అప్పుడు గుర్తొచ్చింది.

చుట్టు తిరిగి సందులోకి వెళ్లేసరికి వాళ్లు బయలుదేరుతున్నారు. కారు సందులోకి రాదు, పెద్దరోడ్డు మీద ఆగి ఉంది. ప్రణీత రెండు జడలతో, చెంబు నిండా నీళ్లతో అటు నుంచి ఎదురు నడిచింది. రంజిత్ కుడికాలు బయటపెట్టాడు. ముప్పై కిలోల పెట్టె నెత్తిమీద ఎత్తుకున్నాడు. వెనక వసంత చిన్న సంచి పట్టుకుంది, నర్సన్న చేతిలో పచ్చళ్ల డబ్బా. ఆ ఇరుకులో నేను వాళ్లకు అడ్డమయ్యాను. మోరి అంచున ఒక కాలు పెట్టి గోడకు అతుక్కుంటే, ఒక్కొక్కరూ నన్ను దాటి వెళ్లారు. రంజిత్ పెట్టె కింద నుంచి నన్ను చూశాడు.

"పోయొస్త టీచర్," అన్నాడు. నవ్వలేదు. అలా అని మొహం తిప్పుకోనూ లేదు.

వాళ్లు మలుపు తిరిగేవరకూ చూసి, మొగిలవ్వ వెనక్కి వచ్చింది. నేను ఇంకా అక్కడే ఉన్నాను, తంబిగ అలాగే నిండుగా ఉంది. నన్ను ఎందుకు పిలవలేదని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. కానీ నాకు అడగాలనిపించింది.

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. కొత్తగా కట్టిన గోడ మీద చెయ్యి పెట్టి, వేడి చూసింది.

"దర్వాజ తిప్పిచ్చినందుకు గాదు, టీచరమ్మా. మీరందరు తెల్వక చేసిండ్రనుకున్న. గందుకే బొట్టు పెట్ట పంపిన." అదే గొంతుతో అంది. "తెలిసి ఊకున్నోళ్లు ఎదురొస్తె, నా కొడుకు గంత దూరం ఎట్ల పోతడు?"

ఆమె నా చేతిలోంచి తంబిగ తీసుకుని, ఎండకు తెల్లబడిన కొత్త గోడ మీద నీళ్లు పైనుంచి కింది దాకా పోసింది. గోడ అన్నీ తాగేసింది. ఖాళీ తంబిగ నాకు తిరిగి ఇచ్చి, ఆమె ఆ దర్వాజలోంచి లోపలికి పోయింది. నేను మోరి వెంబడి నడిచి, చుట్టు తిరిగి ఇంటికి వచ్చాను.